స్టార్ సిటిజన్ ఎంతవరకు వచ్చింది? 2018 తర్వాత ఏమైందో ఎవరైనా చెప్పండి

గోదారి_పైలట్
స్టార్ సిటిజన్ అనే స్పేస్ గేమ్ ఇంకా తయారవుతుండగానే, 2013లో దాని స్టార్టర్ ప్యాకేజీ కొన్నాను, ఆరోరా అనే చిన్న అంతరిక్ష షిప్‌తో. అప్పుడు పుణెలో బ్యాచిలర్ రూమ్, నలుగురికీ కలిపి ఒకటే డెస్క్‌టాప్. దాన్ని తయారు చేస్తున్న క్రిస్ రాబర్ట్స్ పేరు చూసే డబ్బు కట్టాను. ఆయన మొదలుపెట్టిన ఫ్రీలాన్సర్ అనే పాత స్పేస్ గేమ్‌ని కాకినాడ నెట్ సెంటర్‌లో గంటల లెక్కన డబ్బులిచ్చి ఆడినవాణ్ణి. 2014 నవంబర్‌కి గేమ్ వస్తుందన్నారు, రాలేదు. అయినా ప్రతి ప్యాచ్ నోట్సూ చదివేవాణ్ణి, గురువారం వీడియో వదిలేవాణ్ణి కాదు. 2018 చివర్లో 3.3 వెర్షన్ వచ్చి హర్‌స్టన్ గ్రహం చూశాను. ఆ తర్వాత ఇంట్లో చిన్నపిల్లాడు, ఉద్యోగం మారడం, ఇలా అన్నీ మీద పడి వదిలేశాను.

ఇప్పుడు మావాడికి తొమ్మిదేళ్లు. పాత హార్డ్ డిస్క్‌లో స్క్రీన్‌షాట్లు చూసి "నాన్నా, ఈ షిప్ నీదా? ఇంకా ఉందా?" అని అడిగాడు. ఉందనే చెప్పాను. కానీ గేమ్ ఏ స్థితిలో ఉందో నాకే తెలియదు. ఇన్నేళ్లలో అసలు పని ఎంత జరిగింది? ఇంకా ఆల్ఫానే, అంటే పూర్తికాని పరీక్ష వెర్షనే అంటున్నారు. ఏది ఎప్పుడొస్తుందో చూపే వాళ్ల రోడ్‌మ్యాప్ తెరిస్తే తల తిరిగిపోయింది. వదలకుండా ఫాలో అవుతున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి. కంప్యూటర్ మీద మళ్లీ డబ్బు పెట్టాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేల్చుకుంటాను.

శూన్యంలో_శ్రీను
3.3 దగ్గర ఆపేశారంటే అసలు మలుపులన్నీ ఆ తర్వాతే వచ్చాయన్నా. మొదటి నక్షత్ర వ్యవస్థ స్టాంటన్‌లో నాలుగు గ్రహాలూ వచ్చేశాయి. 2019 డిసెంబర్‌లో మైక్రోటెక్, అది మంచు గ్రహం. 2021లో క్రూసేడర్ గ్రహం మబ్బుల్లో తేలే ఓరిసన్ నగరం. అదే ఏడాది నవంబర్‌లో 3.15తో గాయాలు, ఆస్పత్రి మంచాలు, వీపున మోసుకెళ్లే సామాను. 2024 డిసెంబర్‌లో 4.0 వచ్చింది, దాంతో రెండో నక్షత్ర వ్యవస్థ పైరో తెరుచుకుంది. రెండు వ్యవస్థల్ని కలిపే సొరంగం లాంటి జంప్ పాయింట్‌లోంచి షిప్‌ని మనమే నడుపుకుంటూ అవతలికి వెళ్లాలి. మొదటిసారి దాటినప్పుడు నా అరచేతులు చెమట పట్టేశాయి.

నిక్కచ్చి_నాగమణి
శ్రీను గారు వచ్చినవి చెప్పారు. రానివి నేను చెబుతాను, ఆయనకి రెండూ తెలియాలి కదా.

2012లో జనం దగ్గర నిధులు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో వచ్చింది 21 లక్షల డాలర్లు. వాళ్ల సొంత సైట్‌లో కట్టినదీ కలిపితే ప్రచారం ముగిసేనాటికి 62 లక్షలు. 2025కల్లా అది 80 కోట్ల డాలర్లు దాటింది. 60 లక్షలు దాటితే 100 నక్షత్ర వ్యవస్థలతో గేమ్ విడుదల చేస్తామన్నారు. 4.0 నాటికి ఉన్నవి రెండు. 2024లో వాళ్ల అభిమానుల సభ సిటిజన్‌కాన్‌లో 1.0కి, అంటే పూర్తి విడుదలకి ఐదు వ్యవస్థలని చెప్పారు: స్టాంటన్, పైరో, నిక్స్, కాస్ట్రా, టెర్రా. వందకి ఐదు. నేను అకౌంట్స్ మనిషిని, ఈ అంకెలు నాకు మింగుడుపడవు.

వైజాగ్_వార్ప్
అంకెలు కరెక్టే నాగమణి గారూ. కానీ ఆ 100 అన్నప్పుడు అనుకున్న గేమ్ వేరు. అప్పటి ప్లాన్‌లో గ్రహం అంటే దిగడానికి ఒకటో రెండో చోట్లు, దిగడం కూడా ముందే రికార్డ్ చేసిన సీన్‌లా ఉండేది. 2017 డిసెంబర్‌లో 3.0 వచ్చాక ఏ ఉపగ్రహం మీదైనా, ఏ రాయి పక్కనైనా మన ఇష్టం వచ్చినచోట దిగొచ్చు. అప్పటి వందనీ ఇప్పటి ఐదునీ ఒకే తక్కెడలో తూచలేం.

నిక్కచ్చి_నాగమణి
డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి అడ్వాన్స్ ఇస్తే మేస్త్రి ఆరంతస్తులకి పునాది తవ్వుతానన్నాడు. బాగుంది. మరి నా గృహప్రవేశం ఎప్పుడు?

డల్లాస్_బుజ్జి
ఇల్లు కట్టి చూడు అని ఊరికే అనలేదు పెద్దలు 😀

ఒక్క మాట. ఆరంతస్తులు వేయమన్నవాళ్లలో కొన్నవాళ్లూ ఉన్నారు. నిధులు ఇంకా సేకరించాలా, స్ట్రెచ్ గోల్స్ (ఇంత డబ్బొస్తే ఇది కూడా చేస్తాం అనేవి) కొనసాగించాలా అని అప్పట్లో ఓటింగ్ పెడితే ఎక్కువమంది అవునన్నారు. నేనూ అవుననే నొక్కాను.

నిక్కచ్చి_నాగమణి
ఓటు వేయనివాళ్ల డబ్బు కూడా అందులోనే ఉంది బుజ్జి గారూ.

బ్యాకెండ్_భాస్కర్
పైలట్ గారు అడిగింది అసలు పని ఎంత జరిగిందని. సర్వర్లతోనే నా ఉద్యోగం కాబట్టి నాకు అర్థమైనంతవరకు చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

మొదటి చిక్కు దూరాలది. మామూలు గేమ్ ఇంజిన్లు 32 బిట్ అంకెలతో చోటు గుర్తుపెట్టుకుంటాయి. అందులో దాదాపు ఏడు అంకెల వరకే ఖచ్చితత్వం. మధ్య బిందువు నుంచి పది వేల కిలోమీటర్లు వెళ్తే అది కోటి మీటర్లు. అక్కడ ఒక మీటర్ కన్నా చిన్న కదలికని ఆ అంకె పట్టుకోలేదు. మనిషి నడిస్తే వణుకుతూ గెంతుతున్నట్టు కనిపిస్తాడు. అందుకే క్రైఇంజిన్ అనే గేమ్ ఇంజిన్‌ని తీసుకుని 64 బిట్‌కి మార్చారు. ఇది స్క్రీన్ మీద కనిపించే పని కాదు. కానీ ఇది లేకపోతే గ్రహాలే లేవు.

రెండోది మీరు ఆపేసిన 3.3లోనే వచ్చింది. మన కంప్యూటర్ మొత్తం వ్యవస్థని మెమరీలో పెట్టుకోకుండా చుట్టుపక్కల ఉన్నదాన్నే తెచ్చుకుంటుంది. 2019 డిసెంబర్‌లో 3.8తో సర్వర్ వైపూ అదే చేశారు.

మూడోది 2023 మార్చిలో 3.18, వస్తువులు నిలిచిపోవడం. మీరు కింద పెట్టిన సీసా డేటాబేస్‌లో నమోదవుతుంది, మీరు లాగ్ అవుట్ అయినా అక్కడే ఉంటుంది. ఆ ప్యాచ్ వచ్చిన మొదటి వారాల్లో సర్వర్లలోకి వెళ్లడమే కష్టమైంది, అందరికీ తెలిసిన సంగతే. అన్ని లక్షల వస్తువుల రాతకోతలు ఒక్కసారిగా మీద పడితే ఏ డేటాబేస్‌కైనా ఊపిరాడదు.

నాలుగోది సర్వర్ మెషింగ్. ప్రాజెక్ట్ మొత్తం నిలబడేది దీనిమీదే అని నా అభిప్రాయం.

ఓరుగల్లు_ఆర్బిట్
మెషింగ్ అంటే మా అందరికీ అర్థమయ్యేలా చెప్పు భాస్కరన్నా. నేను ఐదు వీడియోలు చూసినా సగమే ఎక్కింది.

బ్యాకెండ్_భాస్కర్
హైదరాబాద్ నుంచి విజయవాడ బండి మీద వెళ్తున్నావనుకో. కోదాడ దాటాక జగ్గయ్యపేట వస్తుంది. రాష్ట్రం మారింది, పోలీసులు మారారు, కానీ నీ బండి ఆగలేదు. ఆగకూడదంటే నీ బండి నంబరు, వేగం, డిక్కీలో ఏముంది అన్నవి రెండు వైపులవాళ్లకీ ఒకేసారి తెలిసి ఉండాలి. అందుకని ఆ వివరాలు ఎవరి దగ్గరా ఉంచకుండా మధ్యలో ఒక పొర పెట్టారు, రెప్లికేషన్ లేయర్. సర్వర్లు దాన్ని చూసి పని చేస్తాయి, మన కంప్యూటర్లు కూడా దానితోనే మాట్లాడతాయి.

ఇదివరకు సర్వర్ పడిపోతే అందులో ఉన్న అందరూ బయటికే, 30కె ఎర్రర్ అనేవాళ్లం. ఇప్పుడు ఆ పొర బతికుంటే చాలు, కొత్త సర్వర్ వచ్చి ఆగినచోటు నుంచే అందుకుంటుంది. 2023 సిటిజన్‌కాన్‌లో మనుషులు, వస్తువులు, తూటాలు కూడా సర్వర్ సరిహద్దు దాటడం చూపించారు. ఇటు కాల్చిన తూటా అటున్నవాడికి తగలాలి. ఎవరి లెక్క చెల్లాలి? ఆ డెమో చూస్తూ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఆవిడ ఏమైందని పరిగెత్తుకొచ్చింది.

డల్లాస్_బుజ్జి
ఆ డెమో లైవ్‌లో చూశాను. హాల్లో అరుపులు విని ఒళ్లు జలదరించింది.

నిక్కచ్చి_నాగమణి
భాస్కర్ గారూ, బాగా చెప్పారు, కోదాడ ఉదాహరణ బాగా ఎక్కింది. మరి 4.0లో వచ్చింది ఇదేనా, ఇందులో సగమా?

బ్యాకెండ్_భాస్కర్
సగమే, సరిగ్గా అడిగారు. 4.0లో వచ్చింది స్టాటిక్ మెషింగ్. పుష్కరాలకి ఏ ఘాట్‌కి ఎంతమంది సిబ్బందో ముందే లెక్కేసి కూర్చోబెట్టినట్టు, ఏ గ్రహానికి ఏ సర్వర్ అన్నది ముందే నిర్ణయిస్తారు. జనమంతా ఒకే ఘాట్‌కి వస్తే అక్కడ తొక్కిసలాట, పక్క ఘాట్‌లో సిబ్బంది ఖాళీ. జనం ఎక్కడుంటే అక్కడికి సిబ్బందిని అప్పటికప్పుడు పంపడం డైనమిక్ మెషింగ్. అది రావాలి. అయినా సగం చిన్నదేం కాదు. ఇదివరకు ఒక సర్వర్‌కి 100 మంది, ఇప్పుడు ఒకే షార్డ్‌లో, అంటే కొన్ని సర్వర్లు కలిసి నడిపే ఒక ప్రపంచం కాపీలో, 500 పైన.

వైజాగ్_వార్ప్
ఈవ్ ఆన్‌లైన్ అనే ఇంకో స్పేస్ గేమ్ ఈ సమస్యని ఇంకోలా దాటింది. 2003 నుంచీ అందరూ దాదాపు ఒకే ప్రపంచంలో ఉంటారు. పెద్ద యుద్ధం వస్తే ఆ చోట కాలాన్నే నెమ్మది చేస్తారు, పది శాతం వేగం దాకా. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి యుద్ధం అలా 21 గంటలు నడిచింది. అక్కడ షిప్‌కి ఆజ్ఞ ఇస్తాం కాబట్టి కుదిరింది. మనమే జాయ్‌స్టిక్ పట్టుకుని నడిపేచోట కాలాన్ని నెమ్మది చేస్తే ఆటే ఉండదు.

ఓరుగల్లు_ఆర్బిట్
మరి ఎలీట్ డేంజరస్ కూడా 2012లోనే కిక్‌స్టార్టర్‌కి వెళ్లింది, 2014 డిసెంబర్‌లో విడుదలైపోయింది. నలభై వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు. నేను రెండేళ్లు ఆడాను. దాన్నెందుకు ఎవరూ తలుచుకోరు?

వైజాగ్_వార్ప్
నేను తలుచుకుంటా తమ్ముడూ, నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ అందులో షిప్ దిగి కాళ్లతో నడవాలంటే 2021 ఒడిస్సీ దాకా ఆగాల్సి వచ్చింది. వాళ్లు ముందు విడుదల చేసి తర్వాత కట్టుకుంటూ వచ్చారు. వీళ్లు కడుతూనే మనల్ని లోపలికి రానిస్తున్నారు. నో మ్యాన్స్ స్కై కూడా 2016లో తిట్లు తిని, 2018లో నెక్స్ట్ అప్‌డేట్ వచ్చాకే కలిసి ఆడే గేమ్ అయింది. ఎవరి దారి వాళ్లది.

త్రీడీ_స్వప్న
నేను త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్ నేర్చుకుంటున్నాను, బీటెక్ ఫైనలియర్. నాకు ఇంతవరకు సొంత ఖాతా కూడా లేదు, కొన్నాళ్లు ఉచితంగా ఆడనిచ్చే ఫ్రీ ఫ్లై పెట్టినప్పుడే ఆడతాను. కానీ వాళ్ల వారం వారం వీడియోలు నాకు క్లాసుల్లా పనికొచ్చాయి. ఒక షిప్ ముందు కాగితం మీద బొమ్మగా మొదలై, తర్వాత డబ్బాల్లాంటి ఆకారాలుగా మారి, తలుపులూ నిచ్చెనలూ మనిషి ఎత్తుకి సరిపోతున్నాయో లేదో చూసి, ఆఖర్న గీతలు, మరకలు, అరిగిన పెయింట్ దాకా వస్తుంది. వేరే ఏ కంపెనీ కూడా సగం వండిన వంటని ఇలా మూత తీసి చూపించదు. కెరీర్ ఇదే అని నేను నిర్ణయించుకుంది మైక్రోటెక్ మీద మంచు కురిసే ఒక వీడియో చూశాక.

నిక్కచ్చి_నాగమణి
స్వప్నా, అది మంచి మాటమ్మా. నా కోపం ఆ బొమ్మలు గీసేవాళ్ల మీద కాదు. అమ్మే పద్ధతి మీద. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని షిప్‌కి బొమ్మ చూపించి అమ్మడం. బాను మర్చంట్‌మ్యాన్ అనే షిప్‌ని 2013లో అమ్మకానికి పెట్టారు, 4.0 వచ్చేనాటికీ ఎగరలేదు. 2018లో దాదాపు అన్ని షిప్‌లూ కలిపి 27,000 డాలర్లకి ఒక ప్యాక్ పెట్టారు. అప్పటి రేటులో 18 లక్షల రూపాయలు. మా జిల్లాలో ఆ డబ్బుకి స్థలం వచ్చేది.

శూన్యంలో_శ్రీను
సోమలింగాలు కొందరు పుట్టారు కూడా 😀 పొలారిస్ అనే పెద్ద షిప్‌ని 2016లో బొమ్మగా అమ్మారు, 2024లో గేమ్‌లోకి వచ్చింది. హ్యాంగర్‌లో దాని పక్కన నిలబడితే మెడ వెనక్కి వాల్చి చూడాలి.

కానీ నాగమణి గారి మాటతో ఒక విషయంలో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కొత్తవాళ్లెవరూ బొమ్మ చూసి కొనొద్దు. చిన్న ప్యాకేజీ చాలు. మిగతా షిప్‌లు చాలావరకు లోపల సంపాదించిన డబ్బుతోనే కొనొచ్చు. నేను గనుల్లో రాళ్లు తవ్వి కట్లస్ షిప్ కొన్నాను. 3.18కి అన్నీ తుడిచేశారు, మళ్లీ తవ్వి మళ్లీ కొన్నాను.

ఓరుగల్లు_ఆర్బిట్
నాకు బ్యాంకే సాయం చేసింది, అంతర్జాతీయ చెల్లింపు అని కార్డు మూడుసార్లు తిప్పికొట్టింది. ఆ నెల డబ్బు మిగిలింది.

డల్లాస్_బుజ్జి
బ్యాంకు వాళ్లకి ఒక ఆరోరా బహుమతిగా పంపు తమ్ముడూ.

గోదారి_పైలట్
చాలా థ్యాంక్స్, రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. భాస్కర్ గారి పోస్ట్ ప్రింట్ తీసుకున్నాను, నిజంగా. రెండు ప్రశ్నలు మిగిలాయి. రోడ్‌మ్యాప్ ఎలా చదవాలి? స్క్వాడ్రన్ 42 సంగతేంటి? నేను ఉన్నప్పుడు 2016 అని పోస్టర్లు వేశారు.

శూన్యంలో_శ్రీను
రోడ్‌మ్యాప్‌లో దూరంగా ఉన్నవాటిని పట్టించుకోకండి. 2022 ఫిబ్రవరిలో వాళ్లే ఒప్పుకున్నారు, దూరపు తేదీలు చూపిస్తే జనం వాటిని మాటిచ్చినట్టు తీసుకుంటున్నారని. అప్పటినుంచి దగ్గర్లో ఉన్న ప్యాచ్‌నే చూపిస్తున్నారు. నేను చూసేది ఒక్కటే, పరీక్ష సర్వర్‌లోకి వచ్చిందా లేదా. ముందు ఇవొకాటి అనే చిన్న బృందం రహస్యంగా పరీక్షిస్తుంది, తర్వాత దశలవారీగా మిగతావాళ్లు, ఆ తర్వాత అందరికీ. ఇవొకాటి చేతికి వచ్చిందంటే ఆ పని నిజం. స్టేజీ మీద చూపించింది మాత్రమే అయితే దాన్ని ఇష్టంగా చూడండి, లెక్కలో వేసుకోకండి.

స్క్వాడ్రన్ 42 అంటే ఒంటరిగా ఆడే కథ భాగం. మార్క్ హామిల్, గ్యారీ ఓల్డ్‌మన్, జిలియన్ ఆండర్సన్ నటించారు. 2023 అక్టోబర్‌లో ఫీచర్లన్నీ పూర్తయ్యాయి, ఇక మెరుగుపెట్టడమే అన్నారు. 2024 అక్టోబర్‌లో 2026 అని ఏడాది ప్రకటించారు.

నిక్కచ్చి_నాగమణి
2014, 2016, తర్వాత 2026. ఆలస్యం అమృతం విషం.

వైజాగ్_వార్ప్
నిదానమే ప్రధానం.

డల్లాస్_బుజ్జి
సామెతలకి కూడా సర్వర్ మెషింగ్ పెట్టాలి, రెండూ ఒకచోట ఢీకొంటున్నాయి.

బ్యాకెండ్_భాస్కర్
నాగమణి గారి అనుమానానికి చరిత్ర కూడా తోడుంది. ఫ్రీలాన్సర్‌ని 1999లో ప్రకటించారు, 2003లో వచ్చింది. 2000లో మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోని కొన్నాక రాబర్ట్స్ పక్కకి తప్పుకున్నారు, వేరేవాళ్లు కోతలు వేసి పూర్తి చేశారు. అలా వచ్చిన గేమే పైలట్ గారు కాకినాడలో ఆడి ఇష్టపడ్డారు. కోత వేసేవాడు కూడా కావాలి. 2025ని కొత్త హంగుల కన్నా ఆడటానికి బాగుండటం, బగ్‌లు సరిచేయడం మీద పెడతామని వాళ్లు ప్రకటించినప్పుడు నాకు అందుకే సంతోషమేసింది. 12 ఏళ్లలో నాకు బాగా నచ్చిన ప్రకటన అదే.

త్రీడీ_స్వప్న
పైలట్ అంకుల్, బాబుతో ఆడితే పైరో వైపు వెళ్లకండి, అక్కడ చట్టం లేదు, కనిపిస్తే కాల్చేస్తారు. మైక్రోటెక్ మీదున్న న్యూ బ్యాబేజ్ నగరంలో మొదలుపెట్టండి. ఊళ్లో తుపాకీ బయటికే రాదు. మంచు, రైలు, పైన గాజు గోపురం. వాడికి చాలా నచ్చుతుంది.

ఓరుగల్లు_ఆర్బిట్
ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, పాత హార్డ్ డిస్క్‌లో వేయొద్దు. ర్యామ్ 16 అని రాసినా 32 ఉంటే హాయి. 100 జీబీ పైన డౌన్‌లోడ్. మా కేబుల్ నెట్ అతను మధ్యలో వైరు మార్చాలని రెండు రోజులు తీసేశాడు, మీరు ముందే అడిగి మొదలుపెట్టండి.

గోదారి_పైలట్
(ఎనిమిది రోజుల తర్వాత)

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మాత్రమే వేయించాను, గ్రాఫిక్స్ కార్డు పాతదే. కొత్త షిప్ ఏదీ కొనలేదు నాగమణి గారూ.

ఆదివారం పొద్దున మావాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని న్యూ బ్యాబేజ్‌లో నిద్రలేచాం. గదిలో కిటికీ అవతల మంచు. లిఫ్ట్ దిగి రైలెక్కాం. వాడు ఇంకో రౌండ్ అన్నాడు, అదే రైల్లో రెండుసార్లు తిరిగాం. హ్యాంగర్‌లో నా ఆరోరా. 2013 నాటిది, వాళ్లు రూపురేఖలు మార్చారు కానీ నాదే. నిచ్చెన ఎక్కి సీట్లో కూర్చుని అనుమతి అడిగితే పైన తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి.

పైకి లేచాం. ఊరు చిన్నదైంది, మబ్బు కమ్మేసింది, మబ్బు దాటాక నేల గుండ్రంగా వంగడం కనిపించింది, ఆకాశం నీలం నుంచి నలుపయింది. వాడు నా మోచెయ్యి పట్టుకుని "నాన్నా, లోడింగ్ ఎప్పుడొస్తుంది?" అన్నాడు. రాదురా అన్నాను. నమ్మలేదు. మళ్లీ కిందికి తిప్పి ఎవరూ లేని ఒక కొండ మీద దించాను. అప్పుడు నమ్మాడు. 2013లో నేను డబ్బు కట్టింది సరిగ్గా దీనికే. గొంతు పట్టేసింది, వాడికి కనపడకుండా నీళ్లు తాగాను.

దారిలో ఒకసారి లిఫ్ట్ రాలేదు, పది నిమిషాలు నిలబడ్డాం. ఒకసారి పూర్తిగా బయటికి వచ్చేసింది, మా నెట్టో వాళ్ల సర్వరో తెలియలేదు. వాడు మాత్రం మళ్లీ పెట్టు అన్నాడంతే.

వచ్చేముందు వాడు ఒక పని చేశాడు. నా దగ్గరున్న నీళ్ల సీసా ఆ కొండ మీద రాయి పక్కన పెట్టించాడు. రేపటికి ఉంటుందా అని అడిగాడు. భాస్కర్ గారూ, ఉంటుందా?

బ్యాకెండ్_భాస్కర్
సీసా ఆ షార్డ్‌లో ఉంటుంది. మీకు మళ్లీ అదే షార్డ్ దొరకాలి, ఈలోపు వాళ్లు శుభ్రం చేసి ఉండకూడదు. చోటు గుర్తుందా?

గోదారి_పైలట్
మావాడు నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకున్నాడు. కొండ, రాయి, సూర్యుడు ఎటువైపు ఉన్నాడో కూడా.

శూన్యంలో_శ్రీను
సూర్యుడు కదులుతాడని చెప్పండి, అక్కడ పగలూ రాత్రీ ఉంటాయి. ఊరి నుంచి దూరం రాసుకోమనండి.

నిక్కచ్చి_నాగమణి
100 వ్యవస్థల మీద నా మాట మారలేదు. కానీ ఆ సీసా ఉందో లేదో తప్పకుండా రాయండి. రేపు నేను ఇక్కడే చూస్తూ ఉంటాను.

గోదారి_పైలట్
వాడు నాలుగున్నరకి స్కూల్ నుంచి వస్తాడు. వచ్చీరాగానే వెళ్తాం.